ఆకు పచ్చదనం కొలిచే చిన్న పరికరాలు: కొనే ముందు, అంకెను నమ్మే ముందు

2025 వానాకాలంలో యూరియా కోసం రైతులు పడిన పాట్లు ఇంకా ఎవరూ మరచిపోలేదు. సహకార సంఘాల ముందు తెల్లవారకముందే చెప్పులు, పాసుపుస్తకాలు వరుసలో పెట్టి నిలబడాల్సి వచ్చింది. దొరికిన ఒకటి రెండు బస్తాలు ఏ మడికి వేయాలి, ఏ మడి ఆగగలదు అన్నది అప్పుడు పెద్ద ప్రశ్న అయింది. ఇప్పుడు ఆ ప్రశ్నకు సమాధానం తమ దగ్గర ఉందంటూ కొత్త సరుకు పల్లెలకు వస్తోంది. అరచేతిలో పట్టే కాంతి పరికరాలు అవి. ఆకును నొక్కితే, లేదా పైరు మీద పట్టుకుంటే క్షణంలో ఒక అంకె చూపిస్తాయి. "ఇంత ఉంటే యూరియా వద్దు, ఇంత కంటే తగ్గితే వేయండి" అని అమ్మేవారు చెబుతున్నారు.

వీటి వెనుక ఉన్న విజ్ఞానం నిజమైనదే. అయితే పరికరం చూపే అంకె ఒకటి, దాని మీద రైతు తీసుకునే నిర్ణయం ఇంకొకటి. ఈ రెంటికీ మధ్య ఏం కావాలో తెలియకపోతే డబ్బూ పోతుంది, పంటా దెబ్బతింటుంది. రేపు ఇవే పరికరాలు కొనుగోలుదారు చేతికి వస్తే ధర విషయంలో కూడా నష్టపోవచ్చు. అందుకే ఈ వివరాలు.

ఇవి ఎలా పనిచేస్తాయి?

కరోనా కాలంలో దాదాపు ప్రతి ఊరిలోనూ వేలికి తగిలించే ఆక్సిమీటర్ చూశాం. అది వేలిలోకి రెండు రకాల కాంతి పంపుతుంది. ఒకటి కంటికి కనిపించే ఎరుపు కాంతి, రెండోది కనిపించని పరారుణ కాంతి. రక్తంలో ప్రాణవాయువు ఎంత ఉందన్నదాన్ని బట్టి ఏ కాంతి ఎంత పీల్చుకోబడుతుందో మారుతుంది. ఆ తేడాను లెక్కకట్టి శాతం చూపిస్తుంది. సూది గుచ్చకుండా, రక్తం తీయకుండా ప్రాణం ఉన్న కణజాలాన్ని కొలవడం అంటే ఇదే.

ఆకు విషయంలోనూ సూత్రం ఇదే. ఆకులోని పత్రహరితం ఎరుపు కాంతిని పీల్చుకుంటుంది, పరారుణ కాంతిని దాదాపు వదిలేస్తుంది. పరిశోధనా కేంద్రాల్లో ఎక్కువగా వాడే స్పాడ్ మీటర్ 650, 940 నానోమీటర్ల దగ్గర రెండు కాంతులను ఆకు గుండా పంపి, అవతలికి వచ్చిన కాంతిని పోల్చి అంకె ఇస్తుంది. ఆకులోని నత్రజనిలో ఎక్కువ భాగం పత్రహరితంతోను, కిరణజన్య సంయోగ క్రియలో పాల్గొనే ప్రోటీన్లతోను ముడిపడి ఉంటుంది. కాబట్టి పచ్చదనం తెలిస్తే నత్రజని ఎలా ఉందో ఊహించవచ్చు.

రెండో రకం పరికరాన్ని ఆకుకు తగిలించరు, పైరు మీద కొంత ఎత్తులో పట్టుకుని నడుస్తారు. పైరు నుంచి తిరిగి వచ్చే ఎరుపు, పరారుణ కాంతులను పోల్చి 'ఎన్‌డీవీఐ' అనే అంకె ఇస్తుంది. ఉపగ్రహాలు చేసేదీ ఇదే. ఐరోపా వారి సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు ఉచితంగా దొరుకుతాయి. కానీ వాటిలో ఒక్కో చుక్క పొలం మీద 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు గల ముక్కకు, అంటే సుమారు రెండున్నర సెంట్లకు సమానం. చిన్న మడులు, గట్లు, గట్ల మీది చెట్లు అన్నీ అందులో కలిసిపోతాయి.

మూడో రకం అసలైన చిన్న స్పెక్ట్రోమీటర్లు. ఇవి రెండు మూడు కాంతులతో ఆగవు. కాంతిని అనేక సన్నని ముక్కలుగా విడదీసి ఒక్కో ముక్క ఎంత తిరిగి వచ్చిందో చూస్తాయి. నీరు, చక్కెర, పిండి పదార్థం, కొవ్వు ఒక్కొక్కటీ పరారుణ కాంతిని ఒక్కో తీరులో పీల్చుకుంటాయి. అందుకే కాయ కోయకుండానే లోపలి పక్వత అంచనా వేయడానికి ఇవి పనికొస్తాయి. ఒకప్పుడు బల్ల మీద పట్టేంత పెద్దవి, ఇప్పుడు జేబులో పడుతున్నాయి.

ఫోన్‌లో ఫొటో తీసి ఎరువు చెప్పే యాప్‌లను వీటితో కలపకండి. మామూలు ఫోన్ కెమెరా ఎరుపు, ఆకుపచ్చ, నీలం మాత్రమే చూస్తుంది. ఎండ, నీడ, ఫోన్ రకాన్ని బట్టి ఆ రంగు కూడా మారిపోతుంది.

పరికరం చూసేది పచ్చదనాన్ని, కారణాన్ని కాదు

ఇది అన్నిటికంటే ముఖ్యం. అంకె తగ్గిందంటే ఆకులో పచ్చదనం తగ్గిందని మాత్రమే అర్థం. ఎందుకు తగ్గిందో పరికరం చెప్పదు. అది చూసుకోవాల్సింది రైతు కన్నే.

- నత్రజని లోపమైతే కింది ముదురు ఆకులు ముందుగా పసుపు రంగుకు మారతాయి. పైరంతా లేత పసుపు పచ్చగా కనిపిస్తుంది.
- గంధకం లోపమైతే పై లేత ఆకులు ముందుగా పాలిపోతాయి.
- ఇనుప ధాతు లోపంలో లేత ఆకుల ఈనెలు పచ్చగా ఉండి, ఈనెల మధ్య భాగం తెల్లబారుతుంది. వరి మెట్ట నారుమళ్లలో ఎక్కువగా చూస్తాం.
- వరిలో జింకు లోపం నాటిన 2 నుంచి 4 వారాల్లో బయటపడుతుంది. ఆకు మొదట్లో నడి ఈనె పాలిపోయి, ముదురు ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు వస్తాయి. పైరు గిడసబారుతుంది.
- పొటాష్ లోపంలో ముదురు ఆకుల అంచులు, కొనలు ఎండుతూ వస్తాయి.
- పత్తి, మిర్చి, మొక్కజొన్న చేలలో నీరు నిలిస్తే వేర్లకు గాలి అందక మొక్క పసుపు రంగుకు మారుతుంది.
- మిర్చిలో తామర పురుగులు, నల్లి ఆశించినా ఆకు రంగు మారుతుంది.

వీటన్నిటిలోనూ పరికరం చూపేది ఒక్కటే, అంకె తగ్గడం. జింకు లోపం ఉన్న వరికి, నీరు నిలిచిన పత్తికి ఆ అంకె చూసి యూరియా వేస్తే సమస్య తీరదు, బస్తా మాత్రం ఖర్చవుతుంది. పురుగు ఉన్న చేనికి యూరియా పెంచితే రసం పీల్చే పురుగులకు మేత వేసినట్లే. వరిలో అవసరానికి మించి నత్రజని వేసినప్పుడు సుడిదోమ, అగ్గితెగులు, పాముపొడ తెగులు, ఎండాకు తెగులు ఎక్కువ కావడం, గింజ గట్టిపడే వేళ చేను పడిపోవడం రైతులకు అనుభవమే.

అంకె అన్ని రకాలకూ ఒకేలా ఉండదు

మళ్లీ ఆక్సిమీటర్ దగ్గరికి వద్దాం. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయ వైద్యులు 2020లో ఒక విషయం బయటపెట్టారు. నల్లజాతి రోగుల్లో ప్రాణవాయువు ప్రమాదకరంగా తగ్గినా ఆక్సిమీటర్ బాగానే ఉన్నట్లు చూపిన సందర్భాలు, తెల్లజాతి రోగులతో పోలిస్తే దాదాపు మూడు రెట్లు ఉన్నాయి. చర్మం రంగు కూడా కాంతిని పీల్చుకుంటుంది. ఎవరి చర్మం మీద సరిచూసి పరికరాన్ని తయారుచేశారో వారికే అది బాగా సరిపోతుంది.

ఆకుకూ ఇదే వర్తిస్తుంది. కొన్ని వరి రకాలు పుట్టుకతోనే ముదురు పచ్చ, కొన్ని లేత పచ్చ. ఆకు మందం, మొక్క వయసు, నీటి ఎద్దడి కూడా అంకెను మారుస్తాయి. ఒక రకానికి 36 చాలినంత కావచ్చు, మరో రకానికి అదే 36 లోపం కావచ్చు. పంజాబ్ గోధుమ మీదనో, వేరే దేశపు మొక్కజొన్న మీదనో సరిచూసిన గీత మన సాంబ మసూరికి సరిపోతుందని చెప్పడానికి ఆధారం ఏమిటని అడగాలి. మన నేలలో, మన రకం మీద, ప్రయోగశాల పరీక్షతో పోల్చి సరిచూడడాన్ని 'కాలిబ్రేషన్' అంటారు. పరికరం విలువలో ఎక్కువ భాగం దీనిలోనే ఉంది, పెట్టెలో కాదు.

ఈ పాఠం ప్రపంచం ఇప్పటికే నేర్చుకుంది. 2014లో ఇజ్రాయెల్‌కు చెందిన ఒక సంస్థ 'సియో' పేరుతో జేబులో పట్టే స్పెక్ట్రోమీటర్‌ను ప్రకటించి, ఇంటర్నెట్‌లో ప్రజల నుంచి 27 లక్షల డాలర్లకు పైగా ముందస్తు సొమ్ము సేకరించింది. తిండి, మందులు, మొక్కలు ఏది చూపినా లోపల ఏముందో చెబుతుందన్నది ప్రచారం. పరికరాలు అందడం ఆలస్యమైంది. ఏది పడితే దాన్ని కొలవడం అనుకున్నంత తేలిక కాలేదు. తరువాత అదే సాంకేతికత పశువుల మేత మొక్కజొన్నలో తేమ, పొడి పదార్థం కొలవడం లాంటి ఒక్కో పనికి మళ్లింది. ఆస్ట్రేలియాలో మామిడి కోతకు వచ్చిందో లేదో తెలుసుకోవడానికి చెట్టు మీది కాయకే చేతి పరికరం ఆనించి పొడి పదార్థం శాతం చూస్తున్నారు. అక్కడ అది నిలబడడానికి కారణం ఉంది. ఒక్కో రకం కాయలను కోసి, ఎండబెట్టి, తూచి, ఆ లెక్కతో పరికరాన్ని సరిచేశారు.

ఒక పంట, ఒక కొలత, స్థానిక కాలిబ్రేషన్. ఈ మూడూ ఉన్నచోట ఈ పరికరాలు నిలిచాయి. "అన్నీ చెబుతుంది" అన్న పరికరాన్ని అనుమానించండి. ముఖ్యంగా నేల మీద ఆనిస్తే భాస్వరం, పొటాష్ ఎంతుందో చెబుతామనే వాటిని. మొక్కకు అందే భాస్వరం, పొటాష్‌లను ఈ కాంతి నేరుగా చూడలేదు. నేలలోని ఇతర గుణాలను బట్టి అంచనా మాత్రమే వేస్తుంది. మట్టి నమూనా తీసి ప్రయోగశాలకు పంపడానికి ఇది బదులు కాదు.

డబ్బు లెక్క వేద్దాం

45 కిలోల యూరియా బస్తా రైతుకు 266 రూపాయల 50 పైసలకు దొరుకుతోంది. మిగతా ఖర్చు కేంద్రం సబ్సిడీగా భరిస్తోంది. మూడెకరాల వరి రైతు రెండు పంటల్లోనూ ఎకరాకు ఒక బస్తా చొప్పున ఆదా చేశాడనుకుందాం. ఏడాదికి ఆరు బస్తాలు, అంటే 1,599 రూపాయలు. పేరున్న స్పాడ్ మీటర్ ధర లక్ష దాటుతుంది. లక్షే అనుకున్నా, యూరియా ఆదాతో అది తిరిగి రావడానికి 60 ఏళ్లు పైన పడుతుంది. తెగుళ్ల మందుల్లో మిగిలేది కలిపినా చిన్న రైతు సొంతానికి కొనే వస్తువు కాదు ఇది.

అదే 500 ఎకరాలున్న రైతు ఉత్పత్తిదారుల సంఘం అయితే లెక్క మారుతుంది. ఎకరాకు ఒక్క బస్తా తగ్గినా ఒక్క పంటకే 1,33,250 రూపాయలు. సంఘం కొని, శిక్షణ పొందిన ఒకరికి అప్పగించి, మడి మడికీ తిప్పితే ప్రయోజనం ఉంటుంది.

ఇంకో సంగతీ గుర్తుంచుకోవాలి. యూరియా తగ్గితే లాభపడేది రైతు ఒక్కరే కాదు. 2023లో కేంద్రం ఆమోదించిన పీఎం ప్రణామ్ పథకం ప్రకారం రసాయన ఎరువుల వాడకం తగ్గించిన రాష్ట్రానికి, అలా మిగిలిన సబ్సిడీలో 50 శాతం గ్రాంటుగా వస్తుంది. కాబట్టి ఇలాంటి కొలతల ఖర్చు చిన్న రైతు జేబు నుంచే రావాలనడం న్యాయం కాదు. రైతు వేదికల్లో, రైతు సేవా కేంద్రాల్లో పరికరం అందుబాటులో ఉంచమని సంఘంగా అడగండి.

వందల్లో దొరికే పాత సాధనం

వరికి ఆకు రంగుల చార్టు చాలా ఏళ్లుగా ఉంది. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ప్రామాణికం చేసిన చార్టులో 2, 3, 4, 5 అని నాలుగు పచ్చ రంగుల పట్టీలు ఉంటాయి. బ్యాటరీ అక్కర్లేదు. వాడే పద్ధతి ఇది:

1. నాటిన 14 రోజుల నుంచి మొదలుపెట్టి పూత వరకు 7 నుంచి 10 రోజులకు ఒకసారి చూడాలి.
2. మడిలో అక్కడక్కడా ఆరోగ్యంగా ఉన్న 10 దుబ్బులు ఎంచుకోవాలి. ఒక్కో దుబ్బులో పై నుంచి పూర్తిగా విచ్చుకున్న లేత ఆకును తీసుకోవాలి. ఆకు తెంపకూడదు.
3. ఆకు మధ్య భాగాన్ని పట్టీ మీద పెట్టి రంగు పోల్చాలి. మీ ఒంటి నీడ ఆకు మీద పడేలా నిలబడాలి. ఎండలో రంగు తేడాగా కనిపిస్తుంది.
4. ప్రతిసారీ ఒకే మనిషి, ఉదయం ఒకే సమయంలో చూడాలి.
5. 10 ఆకుల్లో 6 లేదా అంతకంటే ఎక్కువ ఆకులు నిర్ణీత పట్టీ కంటే లేతగా ఉంటే నత్రజని వేయాలి. నాటిన అధిక దిగుబడి రకాలకు ఆ పట్టీ సాధారణంగా 4, వెదజల్లిన వరికి 3. మీ రకానికి ఏదో మీ వ్యవసాయ విస్తరణ అధికారిని అడిగి తెలుసుకోండి.
6. వేయాల్సి వస్తే విడతకు ఎకరాకు 20 నుంచి 25 కిలోల యూరియా సరిపోతుంది. మడిలో నీరు తీసి బురద పదునులో చల్లి, తరువాత నీరు పెట్టాలి. పూత తరువాత వేయవద్దు.

ముందుగా జింకు, ఇనుము లోపాలు, పురుగు, తెగులు లేవని చూసుకున్నాకే చార్టు తీయాలి. భాస్వరం, పొటాష్ నేల పరీక్ష ప్రకారం వేసి ఉండాలి.

పరికరం వాడాల్సి వస్తే ఒక సాక్షి మడి పెట్టండి

సంఘం దగ్గరో, కృషి విజ్ఞాన కేంద్రంలోనో పరికరం దొరికితే దాన్ని నమ్మకంగా వాడడానికి ఒక తేలిక మార్గం ఉంది. పొలంలో 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పున ఒక ముక్కను గట్టు వేసి వేరు చేయండి. దానికి నత్రజని ఎక్కడా తక్కువ కాకుండా సిఫారసు కంటే కొంచెం ఎక్కువే వేయండి. రకం, నాటిన తేదీ, నీరు అంతా మిగతా పొలంలాగే ఉండాలి. ఇదే మీ సాక్షి మడి.

తరువాత సాక్షి మడిలోను, పొలంలోను ఒకే రోజు, ఒకే వేళ కొలవాలి. స్పాడ్ మీటర్ ఒక్కసారికి చూసేది 2 మిల్లీమీటర్ల వెడల్పు, 3 మిల్లీమీటర్ల పొడవున్న చోటును మాత్రమే. అందుకే ఒక ఆకుతో ఆగకుండా కనీసం 20 నుంచి 30 ఆకుల సగటు తీయాలి. నడి ఈనె మీద, తడి ఆకు మీద, మచ్చల మీద పెట్టకూడదు.

సాక్షి మడి సగటు 40, పొలం సగటు 37 వచ్చిందనుకోండి. అంటే 92.5 శాతం. వరిలో 90 శాతాన్ని గీతగా తీసుకుంటారు కాబట్టి ఇంకా ఆగవచ్చు. పొలం సగటు 34 అయితే 85 శాతం, వేయాల్సిందే. మొక్కజొన్నలో ఈ గీత 95 శాతం. ఇలా పోల్చినప్పుడు రకం తేడా, పరికరం తేడా చాలావరకు తొలగిపోతాయి. ఎందుకంటే మీ పొలాన్ని మీ పొలంతోనే పోలుస్తున్నారు. పైరు మీద పట్టుకునే పరికరాలకూ సాక్షి మడి పద్ధతి వర్తిస్తుంది. అయితే పైరు కమ్ముకోకముందు అవి కింది నీటిని, మట్టిని కూడా కలిపి చూస్తాయి. చాలా తొందరగా కొలిస్తే ఉపయోగం లేదు.

రేపు ధర కూడా కాంతే చెబితే?

ఇప్పుడు కొనుగోలు కేంద్రాల్లో వాడే తేమ యంత్రాలు ఎక్కువగా విద్యుత్ గుణాన్ని బట్టి కొలిచేవి, కాంతివి కావు. అయినా వాటి దగ్గర జరిగేది అందరికీ తెలుసు. వడ్లకు తేమ 17 శాతం దాటకూడదు. పత్తికి 8 శాతం దాటితే ధరలో కోత, 12 దాటితే సీసీఐ కొనదు. ఒకే కుప్పలోని సరుకు ఒక యంత్రంలో ఒకలా, ఇంకో యంత్రంలో ఇంకోలా చూపిందని గొడవలు చూస్తూనే ఉన్నాం. ఒక్క శాతం తేడా రైతుకు ఇంకో రెండు రోజుల ఎండబెట్టడం, లేదంటే తరుగు.

కాయల్లో తీపి, పక్వత, పసుపులో కుర్కుమిన్, మేతలో మాంసకృత్తులు వంటివి కాంతి పరికరంతో చూసి ధర కట్టే రోజు దూరంగా లేదు. నాణ్యమైన సరుకు పండించిన రైతుకు అది మేలే చేయవచ్చు. కానీ పరికరం కొనేవారి చేతిలో, అంకె కొనేవారి నోట ఉంటే మేలు ఎటు పోతుందో ఆలోచించండి. ఒప్పంద సాగుకు సంతకం చేసే ముందు ఈ నాలుగూ రాతలో ఉండేలా చూసుకోండి:

- పరికరాన్ని ఏ రకం మీద, ఏ ప్రాంతపు సరుకు మీద సరిచూశారు? చివరిసారి ఎప్పుడు?
- దాని పొరపాటు పరిధి ఎంత? పొడి పదార్థం 15 శాతం అని చూపితే అసలు 14 కావచ్చా, 16 కావచ్చా? ఆ పరిధిలో ఉన్న సరుకుకు ధర కోయకూడదు.
- ఎన్ని కాయలు, ఎన్ని నమూనాలు కొలిచి సగటు తీస్తారు? ఒక్క కాయ చూసి లారీ ధర కట్టకూడదు.
- రైతు ఒప్పుకోకపోతే రెండో పరీక్ష ఎక్కడ, ఎవరి ఖర్చుతో?

రెండో పరీక్ష పెద్ద పనేమీ కాదు. కాయ తీపి చూడడానికి రసం చుక్క వేసి చూసే బ్రిక్స్ మీటర్ కొద్ది వేలలో దొరుకుతుంది, సంఘానికి ఒకటి చాలు. పొడి పదార్థానికి కండ ముక్కను తూచి, ఓవెన్‌లో బరువు తగ్గడం ఆగేదాకా ఎండబెట్టి, మళ్లీ తూచడమే. కాంతి పరికరాలను సరిచేయడానికీ ఇదే పద్ధతి వాడతారు. కాబట్టి దాని మాటే చివరి మాట.

అమ్మడానికి వచ్చినవారిని అడగండి

మా మండలంలో వాడే రకం మీద పరీక్షించారా? విశ్వవిద్యాలయం గానీ, కృషి విజ్ఞాన కేంద్రం గానీ ఇచ్చిన ఫలితం కాగితం చూపగలరా? ఏటా చందా కట్టాలా, కట్టకపోతే పరికరం ఆగిపోతుందా? నా పొలం వివరాలు ఎవరికి వెళ్తాయి? చెడిపోతే ఎక్కడ బాగుచేస్తారు? ఒక పంట కాలం నా సాక్షి మడిలో వాడి చూపిస్తారా? చివరి ప్రశ్నకు సరేనన్నవారితోనే మాట ముందుకు సాగించండి. పరికరంతో పాటు ఫలానా ద్రవ ఎరువు కూడా కొనాలంటే, ఆ పరికరం కొలవడానికి వచ్చిందా అమ్మడానికి వచ్చిందా అన్నది మీకే తెలుస్తుంది.

ఈ పంటకు చేయాల్సింది ఇది. వరి రైతులు ఆకు రంగుల చార్టు ఒకటి సంపాదించి, కనీసం ఒక మడిలో దాని ప్రకారమే యూరియా వేసి, పక్క మడిలో ఎప్పటిలా వేయండి. ఎన్ని కిలోలు వేశారో, పురుగు ఎంత వచ్చిందో, ఎన్ని బస్తాల వడ్లు అయ్యాయో రెండింటికీ రాసుకోండి. రైతు ఉత్పత్తిదారుల సంఘాలు పరికరం కొనాలనుకుంటే ముందు ఆ రాతలు దగ్గర పెట్టుకుని తీర్మానం చేయండి. చార్టు ఎక్కడ దొరుకుతుందో, మీ రకానికి ఏ పట్టీ చూడాలో తెలియకపోతే తెలంగాణలో మీ క్లస్టర్ ఏఈఓను, ఆంధ్రప్రదేశ్‌లో రైతు సేవా కేంద్రం సిబ్బందిని, లేదా దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రాన్ని సంప్రదించండి. కిసాన్ కాల్ సెంటర్ నంబరు 1800-180-1551కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.